ఒంటి తూటా బీఎస్ఏ మార్టిని .22: విశాఖ ఉప్పుగాలిలో 24 ఏళ్ల వాడకం

బర్మింగ్‌హామ్‌లో తయారైన ఈ బీఎస్ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ) మార్టిని రైఫిల్‌ను మా తాతగారు ఏజెన్సీలో కాఫీ తోటల పనుల మీద తిరిగే రోజుల్లో కొన్నారు. కుందేలుకో, అడవికోడికో దాన్ని వాడేవారని నాన్నగారు చెప్పేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మా ఇంట ఆ వాడకం పూర్తిగా ఆగిపోయింది. అది ఆగిపోవడమే న్యాయం. 2001లో వారసత్వంగా నా లైసెన్సులోకి ఎక్కిన నాటి నుంచి కాగితపు గురి మీద తప్ప మరి దేని మీదా నేను దాన్ని పేల్చలేదు. పాత ఒంటి తూటా రైఫిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది, తీసుకోవచ్చా అని నన్ను అడిగేవారు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు కనుక, నా అనుభవంలో తేలినదాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా దీని యంత్రాంగం గురించి చెప్పాలి. 1862లో అమెరికాలో పీబాడీ పేటెంటు పొందిన నమూనాను స్విట్జర్లాండులో ఫ్రీడ్రిష్ మార్టిని మెరుగుపరచగా, 1871లో బ్రిటిష్ సైన్యం దాన్ని మార్టిని-హెన్రీ పేరుతో స్వీకరించింది. బీఎస్ఏ వారి చిన్న రైఫిళ్లు ఆ వంశానివే. ట్రిగ్గర్ వెనుక ఉన్న లీవరును కిందికి లాగితే, వెనుక కొసన ఇరుసు మీద తిరిగే ఉక్కు దిమ్మ ముందు భాగం దిగి గొట్టం వెనుక నోరు తెరుచుకుంటుంది, కాల్చిన తూటా గుల్ల బయటికి వస్తుంది. దిమ్మ పైనున్న గాడిలో కొత్త తూటా పెట్టి బొటనవేలితో నెట్టి లీవరు పైకి లేపితే మూసుకుంటుంది. స్ప్రింగు బిగియడం కూడా ఆ లీవరు కదలికతోనే జరిగిపోతుంది. మ్యాగజైను లేదు, అందువల్ల తూటా ఇరుక్కోవడం అన్న బెడద లేదు. సైనిక తూటాను తట్టుకోవడానికి పుట్టిన ఏర్పాటును .22 (వ్యాసం అంగుళంలో సుమారు 22 వందల వంతు) వంటి చిన్న తూటాకు వాడడం వల్ల అరుగుదల చాలా తక్కువ. ఇన్నేళ్లలో దిమ్మ గానీ దాని ఇరుసు గానీ వదులు కాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ట్రిగ్గర్. తూటాను కొట్టి పేల్చే పిన్ను దిమ్మ లోపలే ఉండి చాలా కొద్ది దూరమే కదులుతుంది కాబట్టి, వేలు నొక్కిన క్షణానికీ తూటా పేలే క్షణానికీ మధ్య వ్యవధి స్వల్పం. ఆ వ్యవధిలో చెయ్యి వణకడానికి అవకాశం దొరకదు. ఎన్‌సీసీలో బోల్టు రైఫిల్ పట్టిన మిత్రులకు దీన్ని ఇచ్చినప్పుడు, రెండు మూడు తూటాలలోనే వారు ఆ తేడా గుర్తించారు.

50 మీటర్ల దూరంలో, ఇసుక సంచి మీద ఆన్చి, మామూలు వేగపు తూటాలతో కాల్చినప్పుడు ఐదు గుండ్లు రెండు రూపాయల బిళ్ల వెడల్పు దాటకుండా పడతాయి. నేటి పోటీ రైఫిళ్లు ఇంతకన్నా బాగా కాలుస్తాయి, అందులో సందేహం లేదు. అంతర్జాతీయ పోటీలలో 50 మీటర్ల గురి మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అయితే దశాబ్దాల వయసున్న గొట్టం నుంచి ఈ ఫలితం రావడం నాకు నేటికీ సంతోషమే. ఎక్కువ వేగపు తూటాలు మాత్రం దీనికి పొసగలేదు. అవి ధ్వని వేగాన్ని మించి బయలుదేరి, దారిలో మళ్లీ దానికన్నా తగ్గే చోట గుండు చలించి, గురి మీద గుండ్ల గుంపు చెదురుతుంది. సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో వెళ్లే 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) సీసపు గుండు ఈ గొట్టానికి సరిపోతుంది. 50 మీటర్లకు సైటు సరిచేసుకుంటే 100 మీటర్ల దగ్గర గుండు దాదాపు జానెడు కిందికి దిగుతుంది, కనుక అంత దూరం దీని పని కాదు.

లోపాలలో మొదటిది కొయ్య. భుజానికి ఆనించే వెనుక బట్టు, ముందు చేతిపట్టు రెండూ వేర్వేరు ముక్కలు. ఆషాఢం దాటి గాలిలో తేమ పెరిగేసరికి ముందు ముక్క ఉబ్బి గొట్టాన్ని ఒత్తుతుంది, గుండు పడే చోటు మారుతుంది. మొదటి రెండేళ్లు తప్పు నా కళ్లదనుకుని సైటు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి ఆ కొయ్య లోపలి వైపు నూనె పట్టించి, బట్టును బిగించే పొడవాటి బోల్టును ప్రతి సీజనుకూ ముందు పరీక్షించడం అలవాటు చేసుకున్నాక సమస్య చాలావరకు తీరింది. రెండవది శుభ్రపరచడం: నా రైఫిల్‌లో వెనుక నుంచి నేరుగా కడ్డీ పోదు, మూతి వైపు నుంచే దూర్చాలి. కడ్డీ ఒరుసుకుని గొట్టం మూతి అంచు అరిగితే గురి పోయినట్టే. నేను పుల్‌త్రూ తాడుకు గుడ్డ కట్టి వెనుక నుంచి ముందుకే లాగుతాను.

ఇక ఉప్పుగాలి. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే ఉంది, కిటికీ ఊచలే రెండేళ్లకు పొరలు లేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రైఫిల్ తాతగారి తోలు సంచిలోనే బీరువాలో ఉంది. కరెంటు లేక, ఇంటి నిండా చెమ్మ చేరి, పగిలిన అద్దాలు ఎత్తడంలో దాని మాటే గుర్తు రాలేదు. ఐదో రోజున సంచి విప్పితే గొట్టం మీద గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. తోలు తేమను పీల్చుకుని లోహానికే అంటగట్టింది. లోపల నూనె పూత ఉండబట్టి మరగాడులు (గుండును తిప్పే మెలికల గాళ్లు) దక్కాయి గానీ పైనున్న నల్లటి మెరుగు ఆ మచ్చల చోట పోయింది. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అప్పటి నుంచి తోలు సంచి ప్రయాణానికే పరిమితం. ఇంట్లో నూనె పట్టించిన నూలు గుడ్డ చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను, పదిహేను రోజులకొకసారి తీసి తుడుస్తాను. ఎన్నికల సమయంలో ఆయుధం అప్పగించవలసి వచ్చినప్పుడు ఈ సేవ వారాల తరబడి ఆగిపోతుంది. ఒకసారి తిరిగి తెచ్చుకునేసరికి లీవరంతా తుప్పు పట్టి ఉంది. అందుకే ఇప్పుడు అప్పగించే ముందు రోజు గ్రీజు మందంగా రాస్తాను.

కొనదలచినవారు పేరు చూసి కాక గొట్టం లోపల చూసి నిర్ణయించుకోవాలి. పాతకాలపు తూటాల ప్రైమరులో (పిన్ను దెబ్బకు నిప్పంటుకునే మందులో) పొటాషియం క్లోరేటు ఉండేది. కాల్చాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాక్కుని లోపలి ఉక్కును తినేస్తుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఆ గుంటలు నల్లని చుక్కల్లా కనిపిస్తాయి. తూటా కూర్చునే గది అంచు మీద పిన్ను గుర్తు ఉందేమో కూడా చూడాలి. .22లో పిన్ను తూటా అంచును కొడుతుంది కనుక, తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటున్నవారి చేతిలో ఆ అంచు దెబ్బతింటుంది, తర్వాత గుల్లలు సరిగా బయటికి రావు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూసుకుపోవడంతో, ఇక్కడ బీఎస్ఏ అన్న మూడక్షరాలకే అధిక ధర అడుగుతున్నారు. గుంటలు పడిన గొట్టానికి ఆ ధర ఇవ్వడం నా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే. విడిభాగాలు దొరకవు, మా రైఫిల్‌కు ఒక స్ప్రింగు మార్పించడానికి లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గర నాలుగు నెలలు పట్టింది. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత సాధారణంగా ఒక్కరు రెండు ఆయుధాలకు మించి ఉంచుకోరాదు కాబట్టి, ఆ రెండు స్థానాలలో ఒకదాన్ని దీనికి కేటాయించడం తగునా అన్నది కూడా ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

నేను కేటాయించాను. ఒక గంటలో దీనితో ముప్పై తూటాలకు మించి కాల్చను, ప్రతి తూటాకూ ఊపిరి కుదుర్చుకునే తీరిక ఉంటుంది. నిరుడు మా అమ్మాయి రేంజిలో శిక్షణ మొదలుపెట్టినప్పుడు కోచ్ ఆమె చేతికి ఆధునిక రైఫిల్ ఇచ్చారు, పోటీలకు అదే సరైనది. ఇంటికి వచ్చాక ఆమె ఈ మార్టిని లీవరు తెరిచి, దిమ్మ దిగడం చూసి, పుల్‌త్రూ తాడుకు గుడ్డ ఎలా కట్టాలో అడిగింది.