ట్యాబ్ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపాలా, 100 నింపాలా? తాళం దేంతో వెయ్యాలి?

పోయిన ఎండాకాలం అమ్మ ట్యాబ్ తెర ఒక పక్క పైకి లేచింది. రెండేళ్లుగా అది దేవుడి గది పక్కన ప్లగ్‌కే తగిలించి ఉండేది. పొద్దున సుప్రభాతం, రాత్రి మనవరాలితో వీడియో కాల్. లోపల బ్యాటరీ ఉబ్బిపోయింది. రిపేరు షాపుకి తీసుకెళ్తే అబ్బాయి చీటీ మీద పేరు, నంబరు రాసుకుని, పక్కన తొమ్మిది చుక్కలు పెట్టి, "ప్యాటర్న్ గీసివ్వండన్నా" అన్నాడు. అందులో అమ్మ బ్యాంకు మెసేజ్‌లు, ఆధార్ ఫొటో, ఇంటి పత్రాల ఫొటోలు ఉన్నాయి. నా చెయ్యి ముందుకు రాలేదు. బ్యాటరీ పాడైతే తాళం కూడా పరాయివాళ్ల చేతిలో పెట్టాల్సి వస్తుందని అప్పటిదాకా ఆలోచించలేదు.

ముందు ఛార్జింగ్ సంగతి. రాత్రంతా పెడితే కరెంటు ఎక్కువై పాడవుతుందని చాలామంది అనుకుంటారు. నిండగానే లోపలి సర్క్యూటే ఆపేస్తుంది, ఆ భయం అక్కర్లేదు. నష్టం వేరే చోట ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ నిండేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు సెల్ 4.2 వోల్టులు, కొత్త రకాల్లో ఇంకాస్త ఎక్కువ. అంత వోల్టేజీలో రోజుల తరబడి ఉండి, దానికి వేడి కూడా తోడైతే బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది. అమ్మ ట్యాబ్‌కి జరిగింది ఇదే.

అందుకే ఇంట్లో ప్లగ్ దగ్గరే ఉండే ట్యాబ్‌కి 80 మేలు, నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. కొత్త సామ్‌సంగ్ ట్యాబ్‌లలో బ్యాటరీ ప్రొటెక్షన్‌లో 'మాగ్జిమం' పెడితే 80 దగ్గర ఆపొచ్చు. ఐప్యాడ్‌లలో 2024లో వచ్చిన ఎం2 చిప్ ఎయిర్, ఎం4 చిప్ ప్రో మోడళ్ల నుంచి ఈ సదుపాయం ఉంది. పాతవాటిలో లేకపోతే ప్లగ్ తీసేయడమే దారి.

రోజంతా బయట తిరిగేవాళ్ల లెక్క వేరు. ఆటో నడిపేవాళ్లో, డెలివరీ చేసేవాళ్లో ఐదో వంతు ఛార్జింగ్ వదులుకుని సాయంత్రానికి ఫోన్ ఆగిపోతే ఆ రోజు సంపాదన పోతుంది. వాళ్లు 100 నింపుకోవాలి. పొద్దున నింపి సాయంత్రానికి వాడేస్తే నిండుగా ఉండే సమయం ఎలాగూ తక్కువే. ఐప్యాడ్ బ్యాటరీ 1000 పూర్తి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతోంది. ఈ రోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక్క సైకిల్.

మన దగ్గర 80, 100 కన్నా పెద్ద శత్రువు ఎండ. ఐప్యాడ్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటారు. మే నెలలో రామగుండం, రెంటచింతల 45 డిగ్రీల దాకా వెళ్తాయి. కారు డ్యాష్‌బోర్డు మీద, దిండు కింద, మందపాటి కవర్లో పెట్టి ఛార్జింగ్ చేయొద్దు. ఉబ్బిన బ్యాటరీని అసలు ఛార్జింగ్ పెట్టకండి. నొక్కి తెరను కిందికి అదమకండి, లోపల ఏదైనా గుచ్చుకుంటే మంట లేవొచ్చు.

ఇక తాళం. ప్యాటర్న్ అన్నిటికన్నా బలహీనం. పెద్ద తెర మీద వేలి జిడ్డు గీత అలాగే కనిపిస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కసారి చూస్తే గుర్తుండిపోతుంది. నాలుగంకెల పిన్‌కి 10 వేల కలయికలే, ఆరంకెలకి 10 లక్షలు. ముఖంతో తెరిచే పద్ధతి అన్ని పరికరాల్లో ఒకటి కాదు. ఐప్యాడ్ ప్రోలో ఇన్‌ఫ్రారెడ్‌తో ముఖం లోతు కొలుస్తారు. చౌక ట్యాబ్‌లలో ముందు కెమెరా ఒక్కటే చూస్తుంది, దాన్ని ఫొటోతో మోసం చేసే వీలుంది. అలాంటి దాన్ని నమ్మి బ్యాంకు యాప్ ఉంచుకోకండి.

వేలిముద్ర హాయి. కానీ పెద్దవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోతాయి, తడి చేతికి సరిగా పనిచేయదు. అమ్మకైతే ఒకే బొటనవేలు రెండుసార్లు నమోదు చేశాను. అయినా రీస్టార్ట్ చేస్తే పిన్నే అడుగుతుంది కాబట్టి అసలు బలం పిన్‌లోనే ఉండాలి. నా ఓటు ఆరంకెల పిన్‌కి, దాని మీద వేలిముద్రకి. పుట్టిన తేదీ మాత్రం వద్దు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. పిన్ చెప్పకుండానే పరికరం ఇవ్వొచ్చు, మన ఫొటోలు వాళ్లకి కనిపించవు. ఆ సదుపాయం లేకపోతే బ్యాకప్ తీసుకుని, సెట్టింగ్స్‌లోంచి మొత్తం చెరిపేసి ఇవ్వండి. దానికి ముందు గూగుల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, తర్వాత మళ్లీ లాగిన్ అవ్వడానికి అదే కావాలి.

సిమ్ ఉన్న ట్యాబ్ పోతే దాని గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరుతో కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించవచ్చు. వైఫై ఒక్కటే ఉన్నదానికి ఐఎంఈఐ ఉండదు. దాన్ని వెతకాలంటే గూగుల్, ఆపిల్ ఇచ్చే వెతుకులాట సదుపాయమే ఆధారం, అది ముందే ఆన్ చేసి ఉండాలి.

ఆ రోజు చీటీ మీద ఏమీ గీయకుండా ఇంటికొచ్చి, ట్యాబ్‌ని ఛార్జింగ్ పెట్టకుండా ఉన్న కాస్త ఛార్జ్‌లోనే అమ్మ ఫొటోలన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి దించాను. మొత్తం చెరిపేసి మర్నాడు ఇచ్చాను. కొత్త బ్యాటరీ వేయించాక ప్లగ్ తీసేయమని అమ్మకి చెప్పాను. రాత్రి మనవరాలితో మాటలయ్యాకే ఇప్పుడు గంటసేపు పెడుతోంది.