వియన్నా, వర్సాయ్: ఓడినవాడితో ఎలా మాట్లాడారు?

నెపోలియన్ ఓడాక 1814-15లో వియన్నాలో గెలిచిన రాజ్యాలు సమావేశమయ్యాయి. ఓడిన ఫ్రాన్స్ తరఫున దాని విదేశాంగ మంత్రి తాలేరాన్ కూడా వచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? పోలండ్, జర్మన్ రాజ్యమైన సాక్సనీల మీద విజేతలు గొడవపడుతుంటే, 1815 జనవరిలో బ్రిటన్, ఆస్ట్రియాలతో రహస్య ఒప్పందమే చేసుకున్నాడు! నెపోలియన్ తిరిగొచ్చి వాటర్లూ యుద్ధంలో మళ్లీ ఓడాక ఫ్రాన్స్‌పై 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం పడింది, నిజమే. కానీ 1818కల్లా విదేశీ సేనలు వెళ్లిపోయాయి, ఫ్రాన్స్ మళ్లీ పెద్ద రాజ్యాల సరసన చేరింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1919లో వర్సాయ్ ఒప్పందానికి ఓడిన జర్మనీని చర్చలకే పిలవలేదు. షరతులు చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల యుద్ధ పరిహారం బిల్లు వేశారు. ఇరవై ఏళ్లకే మళ్లీ యుద్ధం. దానికి వర్సాయ్ ఒక్కటే కారణమనడం అతి. 1929 మాంద్యం లేకపోతే హిట్లర్‌కు అన్ని ఓట్లు పడేవా?

అయినా నా మొగ్గు వియన్నాకే. పోలండ్, ఇటలీ ప్రజలను అడగకుండానే వాళ్ల నేలను పంచుకోవడం మాత్రం దాని మీద మచ్చే.