కార్బ్యురేటర్ టెంపరేచర్ గేజ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా సెస్నా 150 అనే చిన్న విమానంలో, ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బ్యురేటర్ లోపలి ఉష్ణోగ్రతను చూపే ఈ గేజ్ బిగించి కొన్నేళ్లయింది. కొనాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది: కార్బ్యురేటర్‌లో పేరుకుని ఇంజన్ శక్తిని తగ్గించే మంచును ఇది కనిపెట్టదు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ పలక దగ్గర ఎంత చల్లగా ఉందో చెబుతుంది, అంతే. మైనస్ 15 నుంచి ప్లస్ 5 డిగ్రీల సెల్సియస్ వరకు పసుపు గీత. ముల్లు అందులో ఉండి, గాలిలో తేమ కూడా ఉంటేనే మంచు పేరుకుంటుంది. పొడిగాలిలో ముల్లు ఎంతసేపు పసుపులో ఉన్నా ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది. కొత్తలో ఇది నాకు విసుగు తెప్పించింది.

దీని విలువ తెలిసింది చలికాలంలో కాదు, బయట 20 డిగ్రీలుండి గాలి తేమగా ఉన్న రోజుల్లో. పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, కార్బ్యురేటర్‌లోని సన్నటి గొంతు, అంటే వెంచురీలో పీడనం పడిపోతుంది. రెండూ కలిస్తే లోపలి ఉష్ణోగ్రత బయటికంటే ఏకంగా 39 డిగ్రీల మేర పడిపోగలదు. చొక్కా చేతులు మడుచుకుని ఎగురుతున్న పైలట్‌కు మంచు సంగతి ఎందుకు గుర్తొస్తుంది? ముల్లు సున్నా దిగువన కనిపిస్తే గుర్తొస్తుంది.

గుర్తు రావడం ఎందుకంత ముఖ్యమంటే, కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపి మంచును కరిగించే కార్బ్ హీట్‌కు వేడి వచ్చేది ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ ఉన్న తొడుగు నుంచి. మంచు ముదిరి ఇంజన్ శక్తి పడిపోయిందంటే ఎగ్జాస్ట్ కూడా చల్లబడుతుంది, అంటే అవసరం ముదిరేకొద్దీ మందు పలచబడుతుంది. అందుకే థ్రాటిల్ తగ్గించి కిందికి దిగేటప్పుడు ముందుగానే కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లాగాలి. లాగగానే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య, అంటే ఆర్‌పీఎం తగ్గుతుంది, ఎందుకంటే వేడిగాలి పలచన, మిశ్రమం చిక్కబడుతుంది. మంచు ఉంటే కరిగిన నీళ్లు మింగి ఇంజన్ కాసేపు దగ్గుతుంది కూడా. ఆ దగ్గుకు బెదిరి నాబ్‌ను వెనక్కి నెట్టేయడం కంటే చెడ్డపని లేదు. ఓపిక పడితే ఆర్‌పీఎం మెల్లగా పైకి లేస్తుంది.

సగం వేడి సంగతిలో మాత్రం ఈ గేజ్‌కు సాటి లేదు. గడ్డకట్టే చలిలో, తేమ ముందే పొడి మంచురేణువులుగా మారినప్పుడు, అవి అంటుకోకుండా దాటిపోతాయి. అప్పుడు నాబ్ సగం లాగితే ఉష్ణోగ్రతను చేజేతులా పసుపులోకి తెచ్చుకున్నట్టే. గేజ్ లేనివారికి పూర్తి వేడి, లేదంటే అసలు వద్దు, మధ్యే మార్గం లేదు.

లోపాలూ ఉన్నాయి. ప్రోబ్ ఒక్క చోట కొలుస్తుంది, మంచు ఇంకోచోట పట్టవచ్చు. రాత్రి మా డయల్ సరిగా కనిపించదు. తీగ కనెక్షన్ వదులైతే ముల్లు అర్థం లేని అంకెలు చూపిస్తుంది. ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్ ఉన్న విమానంలో మంచుకు తొలి సాక్షి ఇప్పటికీ ఆర్‌పీఎం మీటరే.

అయిదుకు మూడున్నర ఇస్తాను. మా కాంటినెంటల్ ఓ-200 లాంటి ఇంజన్లున్నవారు తప్పక బిగించుకోవచ్చు. చాలా లైకమింగ్ ఇంజన్లలో కార్బ్యురేటర్ ఇంజన్ అడుగున వేడి ఆయిల్ నిలిచే ఆయిల్ సంప్‌కు ఆనుకుని వెచ్చగా ఉంటుంది కాబట్టి, వారికి అంత తొందర లేదు. కార్బ్యురేటరే లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లకు దీనితో పనే లేదు.