రేప్ (ఆవాల జాతి నూనెగింజ పంట) చేలో పావురాల దీమాలు: తొమ్మిది చలికాలాల వాడకం తర్వాత

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఒక రైతు పొలంలో తొమ్మిది చలికాలాలుగా అడవి పావురాలకు మాటు వేస్తున్నాను. ఇన్నేళ్లూ వాడిన సామాను గురించి రాస్తున్నాను. రెండు డజన్ల ప్లాస్టిక్ దీమాలు, ఒక తిరుగుడు యంత్రం, ఒక మాటు వల. వీటిలో ఏది చలికాలానికి నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

దీమం అన్న మాట ఇప్పుడు వినబడడం తగ్గింది. సాటి పిట్టలను రప్పించడానికి వేటగాడు ముందు పెట్టుకునే పిట్ట దీమం. పెంపుడు కౌజును పొలంలో ఉంచి కూయించి, దాని కూతకు వచ్చే కౌజులను పట్టేవారని మా తాతగారు చెప్పేవారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ వేటకు చోటు లేదు. ఇంగ్లండ్‌లో సంగతి వేరు. అడవి పావురం ఇక్కడ పంటకు పెద్ద శత్రువు. పంటకు తీవ్ర నష్టం జరగకుండా చూడడానికి జీఎల్ 42 అనే సాధారణ లైసెన్సు కింద దాన్ని కాల్చవచ్చు. విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు కానీ షరతులన్నీ చదివి పాటించాలి. రైతు అనుమతి ఉండాలి. తుపాకీకి పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్ వేరుగా ఉండాలి, దాన్ని ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. మా రైతు ముందు గ్యాస్ తుపాకీ మోతలు, గాలిపటాలు అన్నీ ప్రయత్నించాడు. పావురాలు వారంలో వాటికి అలవాటు పడిపోయాయి.

రేప్ ఆవాల కుటుంబానికి చెందిన నూనెగింజల పంట. ఆగస్టులో విత్తుతారు, మరుసటి ఏడాది జులైలో కోస్తారు. అడవిలో కాయలు, గింజలు అయిపోయాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పావురానికి దొరికే పచ్చని మేతలో ముఖ్యమైనది ఇదే. మంచు కురిసిన రోజున తెల్లటి నేల మీద తలెత్తి కనిపించేది ఈ ఆకు ఒక్కటే, అందుకని చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ చేలోనే దిగుతాయి. మొదటి ఏడాది కొట్టిన పావురం గొంతు కింది మేత సంచి కోసి చూశాను. గోరంత ముక్కలుగా తుంచిన ఆకు గుప్పెడు బయటపడింది, ఇంకా తడి ఆరలేదు, నలిగిన ఆవాకు వాసన వేసింది. అర కిలో పిట్ట ఒక్క పూటలో అంత తింటే వెయ్యి పిట్టల గుంపు ఆ చేనును ఏం చేస్తుందో అప్పుడు నాకు అర్థమైంది.

ఇప్పుడు దీమాల సంగతి. నావి డొల్లగా ఉండే షెల్ దీమాలు. ఒకదానిలో ఒకటి ఇముడుతాయి, రెండు డజన్లూ ఒక సంచిలో పడతాయి. సన్నని కర్ర మీద నిలబెడితే గాలికి తల ఊపుతాయి. మొదట కొన్నవి నున్నటి ప్లాస్టిక్‌వి, ఎండ పడినా వాన పడినా తళతళలాడేవి. గుంపు అరవై మీటర్ల దూరంలోనే పక్కకు తిరిగి వెళ్లిపోయేది. రంగులో తేడా ఉందేమో అని ఒక సీజను అంతా దీమాలనే మారుస్తూ పోయాను. తప్పు రంగుది కాదు, మెరుపుది. తర్వాత మఖమలు పూత వేసినవి కొన్నాను, ఆ వారం నుంచే పిట్టలు దిగడం మొదలైంది. ఆ పూతకు నా మార్కులు నిండుగా పడతాయి. కానీ అది ఎక్కువ కాలం నిలవదు. సంచిలో రాసుకుని మూడో చలికాలానికి వీపు మీద, తల మీద అరిగిపోతుంది. అరిగిన చోట మంచు బిందువులు పడితే మళ్లీ అదే మెరుపు. ఇప్పుడు ప్రతి దీమానికీ ఒక పాత మేజోడు తొడిగి సంచిలో పెడుతున్నాను. దానితో అవి రెట్టింపు కాలం ఉంటున్నాయి.

తిరుగుడు యంత్రం గురించి నా అభిప్రాయం నచ్చనివాళ్లు ఉంటారు. రెండు చేతుల చివర చచ్చిన పావురాలను రెక్కలు విప్పి కట్టి, 12 వోల్టుల బ్యాటరీతో తిప్పే యంత్రం అది. రెక్కల మీది తెల్లటి పట్టీ దూరం నుంచే మెరిసి, పిట్టలు దిగుతున్నట్టు కనిపిస్తుంది. వేసవిలో, కోసిన గోధుమ చేలో, అది అద్భుతంగా పని చేస్తుంది. చలికాలంలో నా అనుభవం పూర్తిగా వేరు. అప్పుడు పిట్టలు పెద్ద గుంపులుగా తిరుగుతాయి, అప్పటికే తుపాకీ మోతలు విని బెదిరి ఉంటాయి. యంత్రం తిరగడం చూడగానే గుంపంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. చలికి బ్యాటరీ కూడా త్వరగా పడిపోతుంది. నా యంత్రంలో మోటారు రెండో ఏడాదే బిగుసుకుపోయింది, అమ్మిన దుకాణం మార్చి ఇవ్వలేదు. సొంత డబ్బుతో బాగు చేయించాను. డిసెంబరు నుంచి మార్చి దాకా దాన్ని ఇంట్లోనే ఉంచుతున్నాను. దాని ఖర్చుతో ఇంకో రెండు డజన్ల దీమాలు కొంటే శీతాకాలంలో ఎక్కువ ఉపయోగం. పెద్ద గుంపును నమ్మించాలంటే నేల మీద కూడా గుంపే ఉండాలి.

పేర్చే పద్ధతి ఇది. గాలి మన వీపు మీదుగా వీచేలా మాటు ఉండాలి. పావురం ఎదురుగాలికి వచ్చి దిగుతుంది కాబట్టి అప్పుడు నేరుగా మన వైపు వస్తుంది. దీమాలను గుర్రపు నాడా ఆకారంలో, ముక్కులు గాలి వైపు ఉండేలా, ఒక్కోదాని మధ్య రెండు అడుగులైనా వదిలి పేర్చి, మధ్యలో ఖాళీ ఉంచాలి. అవి దిగేది ఆ ఖాళీలోనే. కొట్టిన పావురాలకు గడ్డం కింద పుల్ల గుచ్చి నిలబెడితే ఏ ప్లాస్టిక్ దీమమూ వాటికి సాటి రాదు. ఇవన్నీ సరిగా ఉన్నా, పిట్టల రాకపోకల దారి కింద మాటు లేకపోతే రోజంతా ఖాళీ ఆకాశం చూస్తూ కూర్చోవాలి. అందుకే తుపాకీ తీయకుండా ముందు రోజంతా దుర్భిణితో చూస్తాను.

వల విషయంలో చెప్పాల్సింది తక్కువ. ఆకులు కోసి అతికించినట్టుండే వల కంటే పాత మిలటరీ వల గట్టిది. ఎండిన గడ్డి రంగు చాలు, పచ్చరంగు చలికాలంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

తుపాకీ 12 బోర్, తూటాలు 30 గ్రాముల 6 నంబరు గుళ్లవి. తూటా లోపల గుళ్లకూ మందుకూ మధ్య ఉండే వాడ్ అనే అడ్డు ప్లాస్టిక్‌ది కాకుండా నారతో చేసినదే కొంటాను, అది చేలో మిగిలిపోదు. మాటు నుంచి ముప్పై అడుగులు వేసి ఒక కర్ర పాతుతాను. ఆ కర్ర దాటిన పిట్టను కాల్చను. గాయంతో ఎగిరిపోయి పొదలో చావడం కంటే నాకు ఘోరమైనది లేదు. రెండో నియమం పోల్చడం గురించి. స్టాక్ డవ్ అనే చిన్న పావురం కూడా ఇదే గుంపులో వస్తుంది. దాని మెడ మీద, రెక్కల మీద తెల్ల మచ్చ ఉండదు, దానికి చట్టం రక్షణ ఉంది. తెలుపు కనిపిస్తేనే తుపాకీ ఎత్తుతాను. మబ్బు పట్టిన మధ్యాహ్నం, నాలుగు గంటలకే చీకటి పడే రోజుల్లో, ఆ తెలుపు కనబడడం మానేసిన క్షణం నుంచి తుపాకీ మడిచి పక్కన పెడతాను.

కొట్టిన పిట్ట రొమ్ము మాంసం ముదురు ఎరుపు, మేక కాలేయం రంగు. మిరియాలు దంచి వేసి, ఇనుప మూకుడులో ఎర్రగా వేయించి, నిమ్మరసం పిండితే చాలు. ఎక్కువ సేపు ఉంచితే తోలులా అవుతుంది. ముందు గుళ్లు తీసేయాలి.

ఈ ఏడాది కొత్తగా ఏమీ కొనలేదు. పూత పోయిన పదకొండు షెల్స్‌కు జిగురు రాసి బూడిద రంగు మఖమలు పొడి చల్లాను. మూడు రోజులు గ్యారేజీలో ఆరాయి. జనవరి మొదటి వారంలో, మంచు పడిన ఉదయం, వాటిని పాత వాటి పక్కన పెట్టి వంద మీటర్ల దూరం నుంచి చూడాలి. తేడా కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి చేస్తాను.