పీఎన్‌ఆర్, ఈ-టికెట్ నంబరు, ఫ్లైట్ నంబరు: ఏళ్ల వాడకం తర్వాత ఏది ఎంత నమ్మొచ్చు

విమానం టికెట్టు కొన్నాక అందరూ జాగ్రత్తగా రాసుకునేది ఆరక్షరాల పీఎన్‌ఆర్. ఇంట్లోవాళ్లకీ తెలిసినవాళ్లకీ ఏళ్లుగా బుకింగ్‌లు చూసిపెడుతున్నవాడిగా నా మాట: అంతర్జాతీయ ప్రయాణానికి దానికంటే ముందు రాసుకోవాల్సింది పదమూడంకెల ఈ-టికెట్ నంబరు.

పీఎన్‌ఆర్ అంటే సీటు పట్టి ఉంచిన రికార్డు, అంతే. డబ్బు కట్టి టికెట్టు ఇష్యూ అయిందని అది చెప్పదు. ఏజెంటు పంపిన కాగితంలో ‘కన్ఫర్మ్‌డ్’ అనో ‘హెచ్‌కే’ (సీటు ఖాయమని చెప్పే కోడ్) అనో ఉండి, టికెట్ నంబరు లేకపోతే అది ఉత్త రిజర్వేషనే. గడువులోగా ఇష్యూ చేయకపోతే సిస్టమే రద్దు చేసేస్తుంది. టికెట్ నంబరులో మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిరిండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, ఖతార్‌కి 157. చౌక విమాన సంస్థల్లో నేరుగా కొంటే చాలాసార్లు వేరే టికెట్ నంబరు కనిపించదు, అక్కడ పీఎన్‌ఆరే ఆధారం.

‘బుకింగ్ దొరకలేదు’ అని ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ చెప్పగానే కంగారు పడక్కర్లేదు. ఏజెంట్లు అమడియస్, సేబర్ లాంటి సిస్టమ్‌లలో బుక్ చేస్తారు. అక్కడ పుట్టే పీఎన్‌ఆర్ వేరు, ఎయిర్‌లైన్ సొంత పీఎన్‌ఆర్ వేరు. వెబ్‌సైట్‌కి కావాల్సింది రెండోది. ‘ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్ ఇవ్వండి’ అని ఏజెంటుని అడిగితే చెబుతారు. కనెక్షన్‌లో రెండు సంస్థలుంటే రెండింటికీ విడివిడిగా అడిగి తీసుకోవాలి.

అసలు చిక్కు షెడ్యూల్ మారినప్పుడు వస్తుంది. పీఎన్‌ఆర్‌లో కొత్త ఫ్లైటు చక్కగా కనిపిస్తుంటుంది గానీ టికెట్టులోని కూపన్ ఇంకా పాత ఫ్లైటుకే అంటుకుని ఉంటుంది. టికెట్టులో ఒక్కో సెక్టారుకీ, అంటే ఎక్కే ఒక్కో ఫ్లైటుకీ, ఒక్కో కూపన్ ఉంటుంది. రెండూ కలవకపోతే చెకిన్ కౌంటర్లో బోర్డింగ్ పాస్ రాదు, అర్ధరాత్రి దాన్ని సరిచేసేవాళ్లు దొరకరు. అందుకే మార్పు ఒప్పుకున్న రోజే ‘టికెట్టు రీఇష్యూ అయిందా? అన్ని కూపన్లూ ఓపెన్‌లో (వాడటానికి సిద్ధంగా) ఉన్నాయా?’ అని ఈ రెండే అడగండి. బయల్దేరడానికి మూడు రోజుల ముందు మళ్లీ చూసుకోండి. కూపన్లు వరసలోనే వాడాలి కూడా. హైదరాబాద్–దోహా–డాలస్ టికెట్టులో మొదటి సెక్టారు ఎక్కకుండా దోహాలో ఎక్కుదామంటే కుదరదు, మిగతావి రద్దయిపోతాయి.

మనవాళ్ల పేర్ల సంగతి ప్రత్యేకం. రికార్డులో ఇంటిపేరు ముందు, గీత తర్వాత పేరు ఉంటుంది. పేరు చివర ‘ఎంఆర్’ (మిస్టర్) అతుక్కుపోయి కనిపించినా తప్పు కాదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి కొన్ని సంస్థలు పేరునే రెండుసార్లు వేస్తాయి, కొన్ని ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తాయి. కొనేముందే ఆ సంస్థ పద్ధతి కనుక్కోవాలి. తర్వాత బుకింగ్ తెరవాలన్నా అదే సర్‌నేమ్ కొట్టాలి.

ఫ్లైట్ నంబరు తేలిక. ఏఐ (ఎయిరిండియా), 6ఈ (ఇండిగో), ఈకే (ఎమిరేట్స్) అని మనకి కనిపించేవి రెండక్షరాల కోడ్‌లు. విమానం ఎక్కడుందో చూపే ట్రాకర్ యాప్‌లలో చాలాసార్లు వాటికి బదులు ఏఐసీ, ఐజీవో, యూఏఈ అనే మూడక్షరాలు కనిపిస్తాయి. పైలట్లు రేడియోలో వాడే పిలుపు పేరు, అంటే కాల్‌సైన్‌లో, అంకెలు కూడా టికెట్టులోవి కాకపోవచ్చు కాబట్టి ట్రాకర్‌లో బయల్దేరే ఊరు, దిగే ఊరు, సమయం పెట్టి వెతకడం మేలు. కోడ్‌షేర్ (ఒకరి విమానంలో సీట్లు ఇంకో సంస్థ తన నంబరుతో అమ్మడం) అయితే ఒకే విమానానికి రెండు మూడు నంబర్లుంటాయి. టికెట్టులో ‘ఆపరేటెడ్ బై’ అన్న చోట ఎవరి పేరుందో వాళ్ల కౌంటరుకే వెళ్లాలి. ఎయిర్‌పోర్టులో దింపడానికి వచ్చేవాళ్లకి కూడా విమానం నడిపే ఆ సంస్థ నంబరే చెప్పండి.

బోర్డింగ్ పాస్ ఫొటో మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, దయచేసి. బార్‌కోడ్‌లో పేరు, పీఎన్‌ఆర్ రెండూ ఉంటాయి. ఆ రెండూ చాలు, ఎవరైనా మీ బుకింగ్ తెరిచి తిరుగు ప్రయాణం రద్దు చేయొచ్చు.

ప్రయాణం ముగిశాక కొన్నాళ్లకి పీఎన్‌ఆర్ సిస్టమ్‌లోంచి పోతుంది, అవే అక్షరాలు తర్వాత ఇంకొకరికి వస్తాయి. రిఫండ్ అడగాలన్నా, మైల్స్ (ప్రయాణానికి ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) జమకాకపోతే రాబట్టుకోవాలన్నా అప్పుడు అడిగేది టికెట్ నంబరే. ఈ-టికెట్ పీడీఎఫ్‌ను, బోర్డింగ్ పాస్‌లను డబ్బులు వచ్చేదాకా చెరపకండి.