అక్షరాల్లేకుండా మొదలయ్యే చదువు

డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న మా తొమ్మిదేళ్ల వాడికి అమలాపురంలో ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ముందు ఒక యాప్‌కి ఏడాది చందా కట్టాను, దండగ. బొమ్మ చూసి ఊహించేసి స్టార్లు కొట్టేవాడు.

ఇప్పుడు వాడుతున్నది బార్టన్ అనే ఇంగ్లీషు చదవడం నేర్పే పాఠాల సెట్. శబ్దాలనీ అక్షరాలనీ చూస్తూ, పలుకుతూ, తాకుతూ ఒక్కో మెట్టుగా నేర్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతిలో నడుస్తుంది, మొత్తం 10 లెవెల్స్. మొదటిదాంట్లో అక్షరాలే ఉండవు! రంగు బిళ్లలు జరుపుతూ మాటలో ఎన్ని శబ్దాలున్నాయో చెప్పాలి. "అక్షరం ముక్క లేని చదువేంటమ్మా" అని అత్తయ్య నవ్వారు. రెండో లెవెల్‌లో మూడక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి వాడంతట వాడే కూడబలుక్కుని చదివితే ఆవిడే బెల్లం ముక్క పెట్టారు.

ఇది ఇంగ్లీషుకే. తెలుగు ఒత్తులు మాత్రం గోదావరి ఇసుక పళ్లెంలో పోసి, పలికిస్తూ వేలితో దిద్దిస్తున్నాను. 'మ', 'య' తికమక ఇంకా ఉంది.