పాత కిటికీ రెక్కల నీడలో ఒక పగలు: బాలిలోని పొటాటో హెడ్ బీచ్ క్లబ్

బాలి ద్వీపంలో, సెమిన్యాక్ తీరాన ఉన్న పొటాటో హెడ్ బీచ్ క్లబ్ సూర్యాస్తమయానికి పేరుపొందింది. అయినా అక్కడికి మధ్యాహ్నానికి ముందే చేరుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ కట్టడాన్ని నిదానంగా చూడవలసింది పగటి వెలుగులోనే. 2010లో ప్రారంభమైన ఈ క్లబ్బుకు ఇండోనేషియా వాస్తుశిల్పి ఆంద్రా మాటిన్ రూపమిచ్చారు. ఆ దేశపు వేర్వేరు దీవుల నుంచి సేకరించిన పాత కిటికీ రెక్కలను వేల సంఖ్యలో కూర్చి, వంపు తిరిగిన ఎత్తయిన వెలిగోడగా నిలిపారు. వెలిసిన నీలం, ఆకుపచ్చ, పెచ్చులూడిన తెలుపు పక్కపక్కనే ఒదిగిపోయాయి. మన పల్లెల్లో పెంకుటిళ్లు కూల్చినప్పుడు టేకు తలుపులూ కిటికీలూ పాత కలప కొట్లకు తరలిపోవడం చూసినవారికి ఈ గోడ ఎదుట కాసేపు నిలబడాలనిపిస్తుంది.

బాలి తీరాల్లో ఏరిన చెప్పులతో కళాకారిణి లీనా క్లౌస్ రూపొందించిన కళాకృతిని నిలిపిందీ ఈ ప్రాంగణంలోనే. వర్షాకాలపు పడమటి గాలులకు ప్లాస్టిక్ చెత్త గుట్టలుగా కొట్టుకొచ్చే తీరంలో, పారేసిన వస్తువును మళ్లీ కళ్లెదుట నిలపడం నాకు ఎంతో నచ్చింది.

లోపల పచ్చిక, దాని అంచున సముద్రంలో కలిసిపోయినట్లు కనిపించే ఈతకొలను ఉన్నాయి. ఇలాంటి క్లబ్బుల్లో డేబెడ్ (పడుకుని సేదతీరే పరుపు మంచం) తీసుకుంటే నిర్ణీత కనీస మొత్తాన్ని తిండికీ పానీయాలకీ ఖర్చు చేయాలి. మెనూ ధరలకు పన్ను, సేవా రుసుము అదనం. నలుగురు కలిసి వెళితే అది గిట్టుబాటు అవుతుంది కానీ, ఇద్దరికైతే మామూలు బల్ల చాలు. ఇండోనేషియా సంబాల్ పచ్చడిలో తరచూ రొయ్యల ముద్ద కలుస్తుంది కనుక, శాకాహారులు ప్రాంగణంలోని తనామన్ రెస్టారెంట్‌కు వెళ్లడం మేలు. అక్కడి వంటలన్నీ మొక్కల నుంచి వచ్చే పదార్థాలతోనే చేస్తారు.

సముద్రంలో దిగాలనుకునేవారు ముందుగా జెండాల రంగు చూసుకోవాలి. అలల లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి ఎర్రజెండా ఉన్నచోట నీళ్లలోకి వెళ్లనే కూడదు.

విశాఖలోనూ బాపట్లలోనూ సూర్యుడు సముద్రంలోంచి లేవడం చూస్తూ పెరిగిన మనకు, హిందూ మహాసముద్రంలోకి దిగిపోయే సూర్యుణ్ణి చూడటం కొత్త అనుభవం. అప్పటికి సంగీతం హోరెత్తుతుంది, జనం కిక్కిరిసిపోతారు. పసిపిల్లలున్నవారు పగలంతా గడిపి, చీకటి పడగానే బయలుదేరడం మంచిది. జూలై, ఆగస్టు నెలల్లో వెళ్లేవారు చోటు ముందే కేటాయించుకోవాలి.